నలుగురి కుటుంబానికి క్రూయిజ్ ఎంతవుతుంది? గాల్వెస్టన్ ఓడల ఖర్చును పోల్చి చూసే పద్ధతి

టెక్సాస్‌లోని తెలుగు ఇళ్లలో పిల్లల బడి సెలవులు దగ్గరపడినప్పుడో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో గాల్వెస్టన్ నుంచి ఓడ ఎక్కుదామన్న మాట తప్పక వస్తుంది. హ్యూస్టన్ వాళ్లకు అది గంట ప్రయాణం, డల్లాస్ వాళ్లకు అయిదు గంటల లోపు డ్రైవింగ్, విమానం టికెట్లతో పని లేదు. వెబ్‌సైట్ తెరిస్తే ఒక కంపెనీ ధర ఒక్కొక్కరికి ఆరు వందల డాలర్లని కనిపిస్తుంది, మరొకటి పిల్లలకు ఉచితమంటుంది, ఇంకొకదాని ధర ఈ రెండింటికీ రెట్టింపు ఉంటుంది. మేము మొదటిసారి వెళ్లినప్పుడు తక్కువ ధర చూసి, దాన్ని నాలుగుతో గుణించి, ఖర్చు అంతేననుకున్నాము. చివరి రోజు ఉదయం ఓడలోని మా ఖాతా తెరిస్తే టిప్పులు, వైఫై, పిల్లల కూల్‌డ్రింకులు, ఫొటోలు అన్నీ కలిసి టికెట్ల ధరలో మూడో వంతును దాటాయి. అందులో మోసమేమీ లేదు. అన్నీ కంపెనీ ముందే రాసిపెట్టినవే, మేము పోల్చిన జాబితాలో మాత్రం అవి లేవు. మన వాళ్లు కూరగాయల బేరంలో అసలు, కొసరు అంటారు. క్రూయిజ్‌లో కొసరు మనకు వచ్చేది కాదు, మనం ఇచ్చేది. అందువల్ల రెండు కంపెనీలను పోల్చాలంటే అసలు ధరను, కొసరు ఖర్చులను ఒకే కాగితం మీద, మీ కుటుంబం అలవాట్ల ప్రకారం వేసుకోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో వరుసగా చెబుతాను.

1. ముందుగా మీ కుటుంబం వివరాలు రాసుకోండి

ధరలు చూడకముందే ఒక కాగితం మీదో, స్ప్రెడ్‌షీట్‌లోనో ప్రయాణం చేసే ప్రతి ఒక్కరి పేరు, ఓడ బయలుదేరే రోజుకు వారికి నిండే వయసు రాయండి. ఈ వయసు చాలా చోట్ల ధరను మారుస్తుంది. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని శిశువులను ఓడ ఎక్కనివ్వవు. సముద్రంలోనే వరుసగా ఎక్కువ రోజులు గడిచే ప్రయాణాలకు పన్నెండు నెలలు నిండాలంటాయి. పిల్లల క్లబ్బులు చాలా ఓడల్లో మూడేళ్ల నుంచి మొదలవుతాయి. రాయల్ కరీబియన్, డిస్నీ ఓడల్లో ఆ పిల్లలకు డైపర్ మానిన అలవాటు కూడా ఉండాలి. కార్నివాల్ మాత్రం రెండేళ్ల పిల్లలను కూడా క్లబ్బులోకి తీసుకుంటుంది. మీ చిన్నపాపకు రెండున్నరేళ్లయితే ఈ ఒక్క తేడా వల్లే ఒక ఓడలో మీకు పగలు కొంత తీరిక దొరుకుతుంది, మరొక ఓడలో గంటల లెక్కన డబ్బు తీసుకునే నర్సరీకి పంపవలసి వస్తుంది.

వయసుల పక్కనే అలవాట్లు రాయండి. ఇంట్లో మద్యం తీసుకునేవారు ఎందరు, ఓడలో ఉన్నప్పుడు ఆఫీసు పని చూసుకోవలసినవారు ఎవరు, పిల్లలు రోజూ కూల్‌డ్రింకులు తాగుతారా, శాకాహారులు ఎందరు, పెద్దవాళ్లు మెట్లు ఎక్కగలరా అన్నవి ముఖ్యం. మద్యం ముట్టని కుటుంబానికి చవకయ్యే ఓడ, రోజూ సాయంత్రం రెండు గ్లాసులు తీసుకునే కుటుంబానికి చవక కాకపోవచ్చు. ఏ కంపెనీ చవక అని స్నేహితులను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పడానికి కారణం ఇదే. వారు చెప్పేది వారి ఇంటి లెక్క.

2. ఒకే తూకంలో పెట్టదగినవాటినే పోల్చండి

గాల్వెస్టన్ రేవులో ఎంపికకు ఇప్పుడు కొదవ లేదు. కార్నివాల్ ఓడలు అక్కడి నుంచి ఏడాది పొడవునా నడుస్తాయి. 2023 డిసెంబరులో వచ్చిన కార్నివాల్ జూబిలీ అక్కడి పెద్ద ఓడల్లో ఒకటి. రాయల్ కరీబియన్ 2022 నవంబరులో తన సొంత టెర్మినల్ తెరిచింది. ఎంఎస్‌సీ 2025 నవంబరులో సీస్కేప్ అనే ఓడతో అక్కడ అడుగుపెట్టింది. డిస్నీ, నార్వీజియన్, ప్రిన్సెస్ ఓడలు ఎక్కువగా చలికాలపు సీజన్లలో వస్తాయి.

ఇన్ని ఉన్నప్పుడు జరిగే పెద్ద పొరపాటు, ఒక కంపెనీ సెప్టెంబరు ధరను మరొక కంపెనీ మార్చి ధరతో పోల్చడం. మార్చి మధ్యలో వచ్చే స్ప్రింగ్ బ్రేక్, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాలు, జూన్, జూలై నెలలు అన్ని కంపెనీలకూ ఖరీదైన రోజులే. బడులు తెరిచాక వచ్చే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనూ, డిసెంబరు మొదటి వారాల్లోనూ, జనవరిలోనూ ధరలు దిగుతాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలమని, ఆ రోజుల్లో ఓడ దారి మార్చుకోవచ్చని మాత్రం గుర్తుంచుకోవాలి. కాబట్టి ఒకే వారం, ఒకే రేవు, అన్నే రాత్రులు, ఒకే రకం క్యాబిన్ తీసుకుని మాత్రమే పోల్చండి.

కంపెనీని కంపెనీతో పోల్చడం కన్నా ఓడను ఓడతో పోల్చడం మరింత సరైన పని. ఒకే కంపెనీలో పాతికేళ్ల నాటి చిన్న ఓడా ఉంటుంది, 2024 జనవరిలో మయామీ నుంచి మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్ లాంటి మహా నౌకా ఉంటుంది. ఆ రెండింటి ధరల మధ్య తేడా, రెండు కంపెనీల మధ్య తేడా కన్నా ఎక్కువగా ఉండవచ్చు. నీటి జారుడుబల్లలు, ఆటస్థలాలు పిల్లలకు ప్రాణమైతే కొత్త ఓడకు ఇచ్చే ఎక్కువ డబ్బు దండగ కాదు. ఓడ దిగి ఊళ్లు చూడటమే మీ ఉద్దేశమైతే పాత ఓడలో అదే సముద్రాన్ని చాలా తక్కువకు చూడవచ్చు.

మూడు, నాలుగు రాత్రుల ప్రయాణం చూడటానికి చవకగా కనిపిస్తుంది. అయితే కారు పార్కింగ్, రేవు దాకా పెట్రోలు, అవసరమైతే ముందు రోజు హోటల్ వంటివి రాత్రుల సంఖ్యతో పెద్దగా మారవు, లేదా కొద్దిగానే మారతాయి. వాటిని మూడు రాత్రులకు పంచితే ఒక్కో రాత్రి ఖరీదు పెరుగుతుంది. ఏడు రాత్రులకు పంచితే తగ్గుతుంది. ఫ్లోరిడా నుంచి బయలుదేరే ఓడ టికెట్టు కొన్నిసార్లు గాల్వెస్టన్ కన్నా తక్కువకు దొరుకుతుంది. అక్కడ ఓడల మధ్య పోటీ ఎక్కువ. కానీ నలుగురి విమాన టికెట్లు, సామాను రుసుములు, ఒక రాత్రి హోటల్ కలిపాకే అది నిజంగా తక్కువో కాదో తేలుతుంది. విమానంలో వెళ్లేవారు ఓడ బయలుదేరే రోజునే చేరుకోవాలని అనుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు.

3. అసలు ధరను విడదీసి చూడండి

క్రూయిజ్ ధరలు ఇద్దరు ఒక క్యాబిన్‌లో ఉంటారన్న లెక్కతో, మనిషికి ఇంత అని ఉంటాయి. అదే క్యాబిన్‌లో మూడో, నాలుగో మనిషికి సాధారణంగా ధర తగ్గుతుంది. ఈ తగ్గింపు చాలా కంపెనీల్లో వయసును బట్టి కాదు, క్యాబిన్‌లో ఎన్నో మనిషి అన్నదాన్ని బట్టి ఉంటుంది. అంటే అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు ఒకే క్యాబిన్‌లో ఉంటే పిల్లలిద్దరికీ మూడు, నాలుగు స్థానాల ధర పడుతుంది. అదే కుటుంబం రెండు క్యాబిన్లు తీసుకుంటే ప్రతి క్యాబిన్‌లో ఇద్దరే ఉంటారు కాబట్టి నలుగురికీ పూర్తి ధర పడుతుంది.

ఇక్కడితో ఒకే క్యాబిన్ చవక అని తీర్మానించుకోవద్దు. రద్దీ వారాల్లో మూడో, నాలుగో మనిషి ధర మొదటివారి ధరకు దగ్గరగా వస్తుంది. అప్పుడు బాల్కనీ ఉన్న ఒకే క్యాబిన్‌లో నలుగురు ఇరుక్కునే ధరకే, కిటికీ లేని రెండు ఇన్‌సైడ్ క్యాబిన్లు పక్కపక్కనే దొరికే సందర్భాలు ఉంటాయి. రెండు స్నానాల గదులు దొరకడం వారం రోజుల ప్రయాణంలో చిన్న విషయం కాదు. ఇలా తీసుకున్నప్పుడు బుకింగ్‌లో ప్రతి క్యాబిన్‌కూ ఒక పెద్దవారి పేరు ఉండేలా రాయించి, ఓడ ఎక్కాక గెస్ట్ సర్వీసెస్ అనే సహాయ కౌంటర్ దగ్గర తాళపు కార్డులు మార్చుకోవడం చాలామంది చేసే పని. అందువల్ల ప్రతి కంపెనీకీ ఒకే క్యాబిన్ ధర, రెండు క్యాబిన్ల ధర రెండూ తీసి రాసుకోండి.

నలుగురు పట్టే క్యాబిన్లే ముందుగా అయిపోతాయన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లైఫ్‌బోట్లలో స్థలానికి, ప్రమాద సమయంలో జనం చేరవలసిన చోట్లకు ఒక పరిమితి ఉంటుంది. క్యాబిన్‌లో మంచాలు ఖాళీగా ఉన్నా, ఓడ ఆ భాగానికి కేటాయించిన మనుషుల సంఖ్య నిండితే మూడో, నాలుగో మనిషిని కంపెనీ చేర్చుకోదు. చివరి నిమిషంలో ధర పడిపోతుందని ఎదురుచూడటం ఇద్దరే వెళ్లే జంటకు పనికివచ్చినంతగా కుటుంబానికి పనికిరాదు.

అమ్మానాన్నలు, అత్తమామలు కూడా వస్తుంటే వారికి పైనుంచి దించే మంచం ఉన్న క్యాబిన్ వద్దు. మీ బాల్కనీ క్యాబిన్‌కు ఎదురుగా నడవాకు అవతల ఉండే ఇన్‌సైడ్ క్యాబిన్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, పగలు మీ బాల్కనీలో అందరూ కలిసి కూర్చోవచ్చు. కొన్ని కంపెనీలు 55 ఏళ్లు దాటినవారికి, కొన్ని రాష్ట్రాల నివాసులకు తగ్గింపు ధరలు ఇస్తాయి. అవి తెర మీద వాటంతట అవే కనిపించవు, వెతికేటప్పుడు ఆ గడులను మీరే నింపాలి.

పిల్లలకు ఉచితమన్న ప్రకటనను కూడా ఇక్కడే పరీక్షించాలి. ఉచితమైనది ప్రయాణ చార్జీ మాత్రమే. పన్నులు, పోర్ట్ ఫీజులు, రోజువారీ టిప్పులు పిల్లలకూ పడతాయి. ఆ ఆఫర్ రద్దీ వారాలకు సాధారణంగా వర్తించదు. ఆఫర్ ఉన్న వారంలో పెద్దలిద్దరి ధర ఎలా ఉందో కూడా చూడాలి. కాలిఫోర్నియా తెచ్చిన ఒక చట్టం వల్ల 2024 జూలై నుంచి పెద్ద కంపెనీలు అమెరికాలో ప్రకటించే ధరల్లోనే పోర్ట్ ఫీజులు, పన్నులు కలిపి చూపడం మొదలుపెట్టాయి. ఇది మనకు మేలే. అయినా కొన్ని ఏజెన్సీల పేజీల్లో, ప్రకటనల్లో ఇంకా విడి ధరలు కనిపిస్తాయి కాబట్టి, డబ్బు చెల్లించే పేజీకి ముందు పేజీ దాకా వెళ్లి, నలుగురి పేర్లతో వచ్చే మొత్తాన్నే రాసుకోండి.

4. కొసరు ఖర్చులు ఒక్కొక్కటిగా చేర్చండి

అన్నిటికన్నా ముందు టిప్పులు. ఓడలో గది శుభ్రం చేసేవారికి, భోజనం వడ్డించేవారికి చేరే ఈ మొత్తాన్ని కంపెనీలు రోజుకు మనిషికి ఇంత అని ఖాతాలో వేస్తాయి. మామూలు క్యాబిన్లకు ఇది కంపెనీని బట్టి దాదాపు 16 నుంచి 20 డాలర్ల వరకు ఉంటుంది, సూట్లనే ఖరీదైన పెద్ద క్యాబిన్లకు ఇంకా ఎక్కువ. నలుగురికి ఏడు రోజులకు లెక్కిస్తే ఇదొక్కటే 450 నుంచి 560 డాలర్లు. కార్నివాల్ రెండేళ్ల లోపు పిల్లలకు, నార్వీజియన్ మూడేళ్ల లోపు పిల్లలకు దీన్ని వేయవు. ఈ టిప్పును తీయించుకుని డబ్బు మిగుల్చుకోవచ్చని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి అలా చేయకండి. ఇల్లూ వాకిలీ వదిలి నెలల తరబడి ఓడలోనే పనిచేసే ఆ మనుషుల సంపాదనలో ఇది పెద్ద భాగం, వారిలో మన దేశం వారు కూడా చాలామంది ఉంటారు. దీన్ని ఖర్చులో ఒక భాగంగానే లెక్కించండి.

తరువాత పానీయాలు. ఓడలో నీళ్లు, టీ, మామూలు కాఫీ, నిమ్మరసం వంటివి ధరలో కలిసే ఉంటాయి. చాలా ఓడల్లో కూల్‌డ్రింకులకు విడిగా చెల్లించాలి. డిస్నీ ఓడల్లో భోజనాల దగ్గర, డెక్ మీద ఉన్న యంత్రాల దగ్గర అవి ఉచితం. మద్యం ప్యాకేజీ విషయంలో రెండు నిబంధనలు తెలిసి ఉండాలి. కార్నివాల్, రాయల్ కరీబియన్ ఓడల్లో ఒక క్యాబిన్‌లోని పెద్దవారిలో ఒకరు ఆ ప్యాకేజీ తీసుకుంటే, 21 ఏళ్లు నిండిన మిగిలినవారు కూడా తీసుకోవలసి ఉంటుంది. భర్త ఒక్కరే తాగే ఇంట్లో ఈ నిబంధన లెక్కను తలకిందులు చేస్తుంది, అప్పుడు విడిగా గ్లాసుల లెక్కన కొనడమే మేలు. రెండోది, చార్జీతో పాటు పానీయాల ప్యాకేజీ ఉచితమని చెప్పే చోట కూడా ఆ ప్యాకేజీ విలువ మీద సర్వీస్ చార్జీ వేస్తారు. తాగని కుటుంబం ఆ ఉచితాన్ని వద్దనడం నేర్చుకోవాలి. బార్ బిల్లులన్నిటి మీదా 18 నుంచి 20 శాతం సర్వీస్ చార్జీ తప్పదు. కార్నివాల్ ఓడ ఎక్కే రోజున మనిషికి డజను క్యాన్ల వరకు కూల్‌డ్రింకులు చేతి సామానులో తెచ్చుకోనిస్తుంది. పిల్లలున్న ఇంటికి ఇది పనికివచ్చే సదుపాయం.

వైఫై ధర పరికరాల సంఖ్యను బట్టి ఉంటుంది. నలుగురికీ నాలుగు ఫోన్లు ఉన్నాయని నాలుగు ప్యాకేజీలు కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంటికి ఒకటి, పని ఉన్నవారికి ఒకటి చాలు. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే ఓడ ఎక్కాక కొనేదాని కన్నా తగ్గుతుంది. కంపెనీ యాప్‌లో ఒకరికొకరు సందేశాలు పంపుకొనే సదుపాయం కొన్ని ఓడల్లో ఉచితం, కొన్నిటిలో కొద్ది రుసుముతో ఉంటుంది. ఓడ కదిలేముందే ఫోన్లను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోతే సముద్రంలోని రోమింగ్ చార్జీలు వేరే బిల్లుగా వస్తాయి.

భోజనం విషయంలో మన వాళ్లకు ఒక భయం ఉంటుంది, శాకాహారం దొరకదేమోనని. ఆ భయంతోనే కొందరు డబ్బు చెల్లించే ప్రత్యేక రెస్టారెంట్ల ప్యాకేజీలు ముందే కొనేస్తారు. అది అవసరం లేదు. పెద్ద కంపెనీల ప్రధాన డైనింగ్ హాలులో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కు చెప్పి, మరుసటి రోజుకు భారతీయ శాకాహార భోజనం కావాలని అడిగితే, చాలా ఓడల్లో పప్పు, కూర, రొట్టె, అన్నం అదనపు ధర లేకుండా చేసిపెడతారు. కారం తక్కువ ఉండవచ్చు, అయినా పెద్దవాళ్లు వారమంతా బ్రెడ్డుతో గడపవలసిన అవసరం రాదు. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ వంటివి మంటల భయంతో ఓడలోకి అనుమతించరు. ఇంట్లో వండిన పదార్థాలనూ సాధారణంగా ఆపేస్తారు. కంపెనీ ప్యాకింగ్‌లో సీలు వేసి ఉన్న చిరుతిళ్లు, పొడులు తీసుకెళ్లవచ్చు, అయితే వాటిని రేవుల్లో ఒడ్డుకు తీసుకెళ్లవద్దు. క్యాబిన్‌కు భోజనం తెప్పించుకోవడానికి డిస్నీలో సాధారణంగా అదనపు ధర ఉండదు, మరికొన్ని కంపెనీల్లో ఉంటుంది.

పిల్లల క్లబ్బులు పగటిపూట దాదాపు అన్ని కుటుంబ ఓడల్లోనూ ఉచితం. డబ్బు పడేది రెండు చోట్ల, శిశువుల నర్సరీకి, కొన్ని కంపెనీల్లో రాత్రి పది దాటాక పిల్లలను ఉంచడానికి. మీకు శిశువు ఉంటే నర్సరీ గంట ధరను, అందులో ఎన్ని గంటలు దొరుకుతాయన్నదాన్ని ముందే చూడండి. అవి పరిమితంగా ఉంటాయి, త్వరగా నిండిపోతాయి.

ఒడ్డున చేసే విహారాలు అన్నిటికన్నా చేయి జారే ఖర్చు. గాల్వెస్టన్ ఓడలు ఎక్కువగా మెక్సికోలోని కొజుమెల్, కోస్టా మాయా, హోండురస్‌లోని రోవటాన్ రేవులకు వెళ్తాయి. ఓడ కంపెనీ అమ్మే విహారం ఖరీదెక్కువ, కానీ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. స్థానికులతో విడిగా వెళ్తే సగానికి దగ్గర ధరకు దొరకవచ్చు, ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. పిల్లలున్నవారు కనీసం దూరపు విహారాలకైనా కంపెనీదే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. రేవుకు దగ్గర్లోని బీచ్‌కు టాక్సీలో వెళ్లి రావడానికి ఎవరి ప్యాకేజీ అవసరం లేదు. ఫ్లోరిడా ఓడలు తాకే కంపెనీల సొంత దీవుల్లో బీచ్, భోజనం చాలావరకు ధరలోనే ఉంటాయి, కానీ రాయల్ కరీబియన్ వారి కోకో కే దీవిలోని వాటర్ పార్కు లాంటి వాటికి విడిగా టికెట్టు కొనాలి. ఇంటి దగ్గర పిల్లలకు ఆ దీవి వీడియోలు చూపించేముందు ఆ టికెట్టు ధర చూసుకోండి.

5. ఇప్పుడు మొత్తం లెక్క వేయండి

పద్ధతి తెలియడానికి ఒక ఉదాహరణ వేద్దాం. ఇవి ఏ కంపెనీ ధరలూ కావు, లెక్క చూపడానికి నేను వేసుకున్న అంకెలు. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప, ఏడు రాత్రులు, ఒకే బాల్కనీ క్యాబిన్. మనిషికి పన్నులు, పోర్ట్ ఫీజులు 160 డాలర్లు అనుకుందాం. వైఫై రెండు పరికరాలకు 280, ఒడ్డున విహారాలకు 400, పార్కింగ్‌కు 150 డాలర్లు, మనం పోల్చబోయే మూడు ఓడలకూ సమానం.

మొదటి ఓడలో పెద్దలకు 750 చొప్పున, పిల్లలకు 450 చొప్పున చార్జీ. పన్నులతో కలిపి 3,040 డాలర్లు. టిప్పు రోజుకు 17 చొప్పున 476, పిల్లల కూల్‌డ్రింకులు 140. సమాన ఖర్చులు కలిపితే మొత్తం 4,486 డాలర్లు.

రెండో ఓడలో పిల్లలకు ఉచితం, పెద్దలకు 1,150 చొప్పున. పన్నులతో కలిపి 2,940 డాలర్లు, అంటే చూడగానే మొదటి ఓడ కన్నా వంద డాలర్లు తక్కువ. టిప్పు రోజుకు 20 చొప్పున 560. ఉచిత పానీయాల ప్యాకేజీ మీద సర్వీస్ చార్జీ ఇద్దరికి రోజుకు 25 చొప్పున 350. పిల్లల కూల్‌డ్రింకులు 140. మొత్తం 4,820 డాలర్లు. చవకగా కనిపించిన ఓడ 334 డాలర్లు ఎక్కువయింది. అదే కుటుంబం పానీయాల ప్యాకేజీ వద్దనుకుని, చార్జీ అలాగే ఉంటే, మొత్తం 4,470కి దిగి, మొదటి ఓడ కన్నా 16 డాలర్లు తక్కువ అవుతుంది. ఒక్క అలవాటు ఫలితాన్ని తిప్పేసింది.

మూడో ఓడలో పెద్దలకు 1,900, పిల్లలకు 1,300 చొప్పున. పన్నులతో 7,040, టిప్పు రోజుకు 16 చొప్పున 448, కూల్‌డ్రింకులకు ఖర్చు లేదు. మొత్తం 8,318 డాలర్లు.

ఇప్పుడు మొత్తాన్ని మనుషుల సంఖ్యతో, రాత్రుల సంఖ్యతో భాగించండి. నలుగురు, ఏడు రాత్రులు కలిపి 28. మొదటి ఓడ మనిషికి రాత్రికి సుమారు 160, రెండోది 172, మూడోది 297 డాలర్లు. వేరు వేరు రాత్రుల ప్రయాణాలను, ఆరుగురు వెళ్లే ప్రయాణాలను కూడా ఈ ఒక్క అంకెతో పోల్చవచ్చు. ఇక మిగిలే ప్రశ్న, మూడో ఓడకు మనిషికి రాత్రికి 137 డాలర్లు ఎక్కువ ఇవ్వడం మీ ఇంటికి తగునా అన్నది. డిస్నీ తరహా ఓడలో ఆ ఎక్కువ డబ్బు పాత్రలతో ఫొటోలకు, నాటకాలకు, చాలా క్యాబిన్లలో ఉండే విడి విడి స్నానాల గదికి, టాయిలెట్‌కు వెళ్తుంది. రాకుమార్తెలంటే ప్రాణమిచ్చే అయిదేళ్ల పాపకు అది జీవితాంతం గుర్తుండవచ్చు. పద్నాలుగేళ్ల అబ్బాయికి అదే డబ్బుతో వేరే ఓడలో రెండు ప్రయాణాలు చేయించవచ్చు. నాకు తెలిసినంతలో పిల్లల వయసు నాలుగు నుంచి తొమ్మిది మధ్య ఉన్నప్పుడే ఆ ధర గురించి ఆలోచించడం సమంజసం.

6. పాస్‌పోర్టు, వీసా, వైద్యం ఖర్చులను మరిచిపోవద్దు

1886 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండాతో, అంటే వేరే దేశంలో రిజిస్టరై, నడిచే ఓడలు ప్రయాణికులను విదేశీ రేవు తాకించకుండా అమెరికా రేవుల మధ్య మాత్రమే తిప్పలేవు. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందువల్ల గాల్వెస్టన్ నుంచి ఎక్కిన మీరు అమెరికా దాటి మళ్లీ అమెరికాలోకి ప్రవేశిస్తారు. తల్లిదండ్రుల బీ-2 (సందర్శకుల) వీసా ఒకసారి ప్రవేశానికే ఇచ్చినదైతే వారు ఈ ప్రయాణం చేయకూడదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ముగిసిన హెచ్-1బీ ఉద్యోగులకు మెక్సికో, కెనడాలకు ముప్పై రోజుల లోపు వెళ్లివచ్చే సందర్భంలో ఒక సడలింపు ఉంది, హోండురస్, జమైకా, బహామాస్ తాకే ప్రయాణాలకు వారికి అది వర్తించదు. ఇలాంటి స్థితిలో ఉన్నవారు డిపాజిట్ కట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. పత్రాలు సరిగా లేక రేవులో ఆపేస్తే టికెట్ డబ్బు తిరిగి రాదు. ఓడ తాకే ప్రతి దేశానికీ భారత పాస్‌పోర్టుపై వీసా కావాలో లేదో విడిగా చూసుకుని, ఖర్చుంటే లెక్కలో చేర్చండి.

ఓడలో డాక్టరు ఉంటారు, ఉచితం కాదు. పెద్దవాళ్లకు అనుకోనిది జరిగి ఓడ నుంచి ఆసుపత్రికి తరలించవలసి వస్తే ఆ ఖర్చు ప్రయాణం ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల కోసం తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా బయట, సముద్రంలో పనిచేస్తుందో లేదో పాలసీ పత్రం చదివి తెలుసుకోండి. పనిచేయకపోతే వైద్య తరలింపు కూడా ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. మిగతా ఏ ఖర్చు తగ్గించినా ఇది తగ్గించవద్దు.

7. బుక్ చేసే పద్ధతి, ఆ తరువాత చేయవలసినది

జనవరి నుంచి మార్చి వరకు కంపెనీలు ఎక్కువ ఆఫర్లు ఇస్తాయి. బుక్ చేసేటప్పుడు డిపాజిట్ వెనక్కి వచ్చే ధర, రాని ధర అని రెండు ఉంటాయి. తేదీలు ఖాయమైతే తప్ప రెండోదాని జోలికి వెళ్లవద్దు, సెలవు దొరకకో, వీసా ఆలస్యమయ్యో మార్చుకోవలసి వస్తే మిగిలించిన దానికన్నా ఎక్కువ పోతుంది. క్యాబిన్ నంబరు కంపెనీయే తరువాత ఇచ్చే గ్యారంటీ క్యాబిన్లు తక్కువకు వస్తాయి, కానీ రెండు క్యాబిన్లు తీసుకునే కుటుంబం వాటిని ఎంచుకుంటే పిల్లలు ఒక అంతస్తులో, మీరు మరొక అంతస్తులో పడే ప్రమాదం ఉంది. ఏజెంట్లు ఇచ్చే ఆన్‌బోర్డ్ క్రెడిట్‌ను, అంటే ఓడలోనే ఖర్చు పెట్టుకోవలసిన మొత్తాన్ని, ధర తగ్గింపుతో సమానంగా చూడవద్దు. ఎలాగూ అయ్యే టిప్పులకు, వైఫైకి దాన్ని వాడగలిగితేనే డబ్బుగా లెక్కించండి. కాస్ట్‌కో సభ్యులకు ప్రయాణం ముగిశాక షాప్ కార్డు రూపంలో కొంత వెనక్కి వస్తుంది. ఇంటి సరుకులు అక్కడే కొనేవారికి అది నిజమైన తగ్గింపే.

మిగిలిన మొత్తం చెల్లించే గడువు కంపెనీని బట్టి, రాత్రులను బట్టి ప్రయాణానికి 75 నుంచి 120 రోజుల ముందు ఉంటుంది. ఆ గడువు దాకా వారానికి ఒకసారి అదే ఓడ, అదే తేదీ, అదే క్యాబిన్ ధర మళ్లీ చూడండి. తగ్గితే ఏజెంటుకో కంపెనీకో ఫోన్ చేసి తగ్గిన ధర అడగండి. డిపాజిట్ వెనక్కి వచ్చే బుకింగ్ అయితే సాధారణంగా మారుస్తారు, అయితే పాత ఆఫర్‌లో వచ్చిన క్రెడిట్ పోతుందేమో కనుక్కున్నాకే మార్చమనండి. వైఫై, కూల్‌డ్రింకుల ప్యాకేజీల ధరలు కూడా యాప్‌లో పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, ముందు కొన్నవాటిని ప్రయాణానికి ముందు రద్దు చేసి తగ్గిన ధరకు మళ్లీ కొనడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

ఓడ ఎక్కిన రోజే పిల్లల తాళపు కార్డుల మీద కొనుగోళ్లు జరగకుండా గెస్ట్ సర్వీసెస్‌లో చెప్పి ఆపించండి, ఆటల గదిలో ఆ కార్డు గీకితే డబ్బు మీ ఖాతాలోనే పడుతుంది. రోజూ రాత్రి పడుకునే ముందు యాప్‌లో ఖాతా చూసి, మీ లెక్కతో పోల్చుకోండి. తప్పుగా పడినది కనిపిస్తే చివరి రోజు దాకా ఆగకుండా ఆ పూటే కౌంటర్‌కు వెళ్లి అడగండి, చివరి రాత్రి అక్కడ వరుస పొడవుగా ఉంటుంది, ఓడ దిగాక అదే పనికి వారాల తరబడి ఈమెయిళ్లు రాయవలసి వస్తుంది.